హవానా డాక్టరు కార్లోస్ ఫిన్లే: తరచుగా అడిగే ప్రశ్నలు

కార్లోస్ ఫిన్లే ఎవరు?

క్యూబా వైద్యుడు. 1833 డిసెంబరు 3న పుట్టి 1915 ఆగస్టులో హవానాలో కన్నుమూశారు. ఎల్లో ఫీవర్‌ని ఒకరి నుంచి ఇంకొకరికి మోసుకెళ్లేది దోమేనని 1881లో చెప్పారు. ఏ జాతి దోమో కూడా సరిగ్గా పట్టుకున్నారు. ఆ మాట లోకం ఒప్పుకోవడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. క్యూబా స్వతంత్రమయ్యాక ఆ దేశపు ఆరోగ్య శాఖను నడిపారు.

ఆయన గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. అంతా ఆయనే కనిపెడితే పేరు అమెరికావాళ్లు కొట్టేశారన్నది ఒకటి. ఆయనది ఉత్త ఊహ, రుజువు చేసింది అమెరికావాళ్లేనన్నది రెండోది. రెండిట్లోనూ సగమే నిజం ఉంది. ఆయనకూ రుజువుకూ మధ్య అడ్డుపడింది పన్నెండు రోజుల తేడా. అదేమిటో కింద వివరంగా చెప్పాం.

పేరు చూస్తే స్పానిష్ పేరులా లేదే?

తండ్రి ఎడ్వర్డ్ ఫిన్లే స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టరు. తల్లిది ఫ్రెంచి కుటుంబం. పుట్టింది ప్యూర్తో ప్రిన్సిపె అనే ఊళ్లో, ఇప్పుడు దాన్ని కమగ్వే అంటున్నారు. ఆయనకు మొదట పెట్టిన పేరు హువాన్ కార్లోస్. తర్వాత ఆయనే దాన్ని తిరగేసి కార్లోస్ హువాన్ చేసుకున్నారు. పాత కాగితాల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి, మనిషి మాత్రం ఒకరే. భార్య అడేలా షైన్ ట్రినిడాడ్ నుంచి వచ్చినావిడ. 1865లో పెళ్లయింది, ముగ్గురు కొడుకులు.

వైద్యం ఎక్కడ చదివారు?

ఫ్రాన్స్‌లో చదువుకోవడానికి చిన్నతనంలోనే వెళ్లారు. అక్కడ కాళ్లూ చేతులూ వాటంతటవే అదిరే కొరియా జబ్బు చేసి 1846లో ఇంటికి రావాల్సి వచ్చింది. జబ్బు తగ్గినా నత్తి మాత్రం జీవితాంతం ఉండిపోయింది. మళ్లీ యూరప్ వెళ్లారు, ఈసారి టైఫాయిడ్‌తో తిరిగొచ్చారు. అక్కడి చదువు చెల్లదని హవానా విశ్వవిద్యాలయం సీటివ్వలేదు. దాంతో అమెరికాలో ఫిలడెల్ఫియా జెఫర్సన్ మెడికల్ కాలేజీలో చేరి 1855లో పట్టా తీసుకున్నారు. హవానాలో వైద్యం చేసే అనుమతి 1857లో వచ్చింది. కళ్ల డాక్టరుగానూ, మామూలు జబ్బుల డాక్టరుగానూ ప్రాక్టీసు మొదలుపెట్టారు.

ఎల్లో ఫీవర్ అంటే మన పచ్చకామెర్లేనా?

కాదు. పచ్చకామెర్లు జబ్బు పేరు కాదు, లక్షణం. కాలేయం దెబ్బతిన్నా, పిత్తనాళం మూసుకుపోయినా కళ్లు పచ్చబడతాయి. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్ కూడా దానికొక కారణం. ఎల్లో ఫీవర్ వేరే వైరస్‌తో వస్తుంది, ఊళ్లలో దాన్ని అంటించేది ఏడిస్ ఈజిప్టై అనే దోమ. మొదట మూడు నాలుగు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు ఉంటాయి. ఒకరోజు తగ్గినట్టే అనిపిస్తుంది. చాలామంది అక్కడితో కోలుకుంటారు. కొందరిలో మాత్రం జబ్బు తిరగబెట్టి కళ్లు పచ్చబడతాయి, మూత్రపిండాలు పాడవుతాయి, కడుపులో రక్తం కారి నల్లటి వాంతులవుతాయి. అందుకే స్పానిష్‌వాళ్లు దాన్ని 'నల్ల వాంతి' అని పిలిచేవారు.

చిన్నప్పుడు వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ రాదు. హవానాలో పుట్టి పెరిగినవాళ్లు చాలావరకు నిశ్చింతగా ఉంటే, అప్పట్లో క్యూబాను ఏలిన స్పెయిన్ నుంచి కొత్తగా దిగిన సైనికులు చనిపోవడానికి కారణం అదే. ఫిన్లే ప్రయోగాలకు మనుషులు దొరికింది కూడా ఈ కొత్తవాళ్లలోనే.

దోమల సంగతికి ముందు ప్రజల కోసం ఆయన చేసినదేమైనా ఉందా?

ఉంది. ఎందుకో దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1867–68లో హవానాలో కలరా వచ్చింది. అప్పుడు ఫిన్లే ఎల్ సెర్రో అనే పేటలో ఉండేవారు. ఏ ఇంట్లో ఎవరికి ఎప్పుడు జబ్బు చేసిందో, ఆ ఇంటికి నీళ్లు ఎక్కడివో ఒక్కొక్కటే రాసుకుంటూ వెళ్లారు. ఆ పేట గుండా సాంహా రేయల్ అనే పాత కాలువ పారేది. అల్మెండారెస్ నది నీళ్లను ఊళ్లోకి తెచ్చే ఈ కాలువకు పైన మూత లేదు. రోగుల ఇళ్లను వరసగా చూస్తే అవన్నీ ఈ కాలువ నీళ్లు వాడే ఇళ్లే. గాలి చెడితే కలరా వస్తుందని ఇంకా నమ్ముతున్న కాలమది. లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు 1854లో బోరింగు పంపు దగ్గర చేసిన పని లాంటిదే ఇదీ.

ఈ విషయం హెచ్చరిస్తూ ఫిన్లే ఒక దినపత్రికకు లేఖ రాశారు. స్పానిష్ ప్రభుత్వ సెన్సారు దాన్ని ఆపేసింది. ఆ పరిశీలన 1873లో గానీ అచ్చు కాలేదు, అప్పటికి ఆ కలరా వచ్చిపోయి చాలా కాలమైంది.

దోమ మీద అనుమానం ఎలా వచ్చింది?

ముందు ఆయన కూడా దారి తప్పారు. హవానా గాలిలో క్షారం ఎక్కువ కావడం వల్లే ఎల్లో ఫీవర్ వస్తోందని కొన్నేళ్లపాటు నమ్మి, గాలిని కొలుస్తూ, 1872లో సైన్స్ అకాడమీకి ఒక వ్యాసం కూడా చదివారు.

1878లో అమెరికాలోని మిసిసిపీ లోయలో ఈ జ్వరం సుమారు 20,000 మందిని పొట్టనబెట్టుకుంది. మరుసటి ఏడాది అమెరికా ఒక కమిషన్‌ని హవానా పంపింది. దానితో కలిసి పనిచేస్తున్నప్పుడు ఫిన్లేకి ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. ఈ జబ్బు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తోంది, రక్తం బయటికి కారుతోంది. రోగకారకం రక్తనాళంలోనే ఉంటే, దాన్ని అక్కణ్ణుంచి తీసి ఇంకొకరి రక్తనాళంలో పెట్టేది సూదిలాంటిదేదో ఉండాలి కదా. ఆయన గాలిని వదిలేసి పురుగుల వైపు తిరిగింది అప్పుడే.

1881 ఫిబ్రవరి 18న వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సమావేశంలో ఆయన మూడు షరతులు చెప్పారు. జబ్బు ఉన్న మనిషి ఉండాలి, జబ్బు సోకగల మనిషి ఉండాలి, ఈ ఇద్దరితోనూ సంబంధం లేకుండా బతుకుతూ జబ్బును మోసే మూడోదొకటి ఉండాలి. దోమ అన్న మాట ఆ రోజు ఎత్తలేదు. ఆగస్టు 14న హవానా అకాడమీలో చదివిన వ్యాసంలో దాని పేరు బయటపెట్టారు.

అన్ని దోమలుండగా ఆ దోమనే ఎందుకు పట్టుకున్నారు?

దాని అలవాట్లు జబ్బు అలవాట్లతో సరిపోయాయి. చలి పెరిగితే ఆ దోమ మందగిస్తుంది, జ్వరం కూడా తగ్గుతుంది. ఎత్తైన కొండల మీద రెండూ ఉండవు. ఇళ్లలోనే, మనుషుల దగ్గరే బతుకుతుంది. పగలు కుడుతుంది, రక్తం ఒక్కసారే తాగి ఊరుకోకుండా మళ్లీ మళ్లీ తాగుతుంది. ఒకరిని కుట్టి ఇంకొకరిని కుట్టని పురుగు జబ్బును మోయలేదు కాబట్టి ఈ చివరి గుణమే అన్నిటికంటే ముఖ్యమైంది. ఆ రోజుల్లో దాన్ని క్యూలెక్స్ జాతిలో కలిపేవారు, తర్వాత స్టెగోమియా అన్నారు, ఇప్పుడు ఏడిస్ ఈజిప్టై. ఒంటి మీద తెల్ల చారలుంటాయి. 

ప్రయోగం ఎలా చేసేవారు?

సామాగ్రి పెద్దగా ఏమీ లేదు, కావలసింది ఓపిక. ఆడదోమను గాజు గొట్టంలో పట్టి మూతికి దూది బిరడా పెట్టేవారు. రోగి చేతి మీద గొట్టాన్ని బోర్లించి, దూది తీసి, దోమ కడుపునిండా తాగేదాకా ఆగేవారు. మళ్లీ దూది పెట్టి, తాగిన రక్తం అరగడానికి రెండు మూడు రోజులు ఉంచేవారు. ఆ తర్వాత ఆరోగ్యంగా ఉన్న వాలంటీరు చేతి మీద అదే గొట్టం బోర్లించేవారు. ఇక 5 నుంచి 25 రోజుల్లోపు ఆ మనిషికి జ్వరం వస్తుందేమో చూసేవారు.

మొదటి ప్రయోగం 1881 జూన్ 30న ఒక స్పానిష్ సైనికుడి మీద జరిగింది, అతనికి తేలికపాటి జ్వరం వచ్చింది. ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో వందకు పైగా ఇలాంటి ప్రయోగాలు చేశారు. సాయంగా ఉన్నది క్లాడియో డెల్గాడో అనే స్పానిష్ డాక్టరు. కొత్తగా వచ్చిన క్రైస్తవ సన్యాసులు కూడా వాలంటీర్లుగా ముందుకొచ్చారు.

ఇంత చేసినా ఎవరూ ఎందుకు నమ్మలేదు? పొరపాటు ఎక్కడ జరిగింది?

మనిషి మాటతీరు, వలస ప్రభుత్వం, పెద్ద దేశాల చిన్నచూపు, ఇవన్నీ కారణాలే. కానీ అసలు చిక్కు ప్రయోగంలోనే ఉంది.

మొదటిది దోమలో గడవాల్సిన రోజులు. రోగి రక్తం తాగిన వెంటనే దోమ జబ్బును అంటించలేదు. వైరస్ దోమ కడుపులో పెరిగి, గోడ దాటి, లాలాజల గ్రంథులకు చేరాలి. హవానా వేడిలో దానికి సుమారు 12 రోజులు పడుతుంది. రోగకారకం దోమ ముక్కుకు అంటుకుని వస్తుందని, దోమ అంటే శుభ్రం చేయని సూదిలాంటిదని ఫిన్లే అనుకున్నారు. అందుకే ఎక్కువసార్లు రెండు మూడు రోజుల్లోనే కుట్టించారు. అలాంటి దోమ కుట్టినా ఏమీ కాదు.

రెండోది రోగిని కుట్టించిన రోజు. జ్వరం మొదలైన తొలి మూడు రోజుల్లోనే రక్తంలో దోమకు అందేంత వైరస్ ఉంటుంది. ఐదో రోజో ఆరో రోజో రోగి బాగా సీరియస్‌గా కనిపిస్తాడు, అదే సరైన సమయమని ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి అప్పటికి ఆలస్యమైపోయింది.

మూడోది, వాలంటీర్లు ఉన్నది హవానాలోనే. ఊరంతా జ్వరం ఉన్నప్పుడు, ప్రయోగం చేసిన రెండు వారాలకు ఒకరికి జబ్బు చేస్తే అది గొట్టంలోని దోమ వల్లో, బజార్లో కుట్టిన దోమ వల్లో ఎవరు చెప్పగలరు? 25 రోజుల గడువు పెట్టుకోవడం దీన్ని మరింత కష్టం చేసింది. అసలు జబ్బు బయటపడేది కుట్టిన 3 నుంచి 6 రోజుల్లో.

నాలుగోది, డెల్గాడోతో కలిసి ఒక సూక్ష్మజీవిని చూపించి ఇదే కారణమని ప్రకటించారు. అది తప్పని తేలింది. ఆ తర్వాత దోమ మాట ఎత్తినా వినేవాళ్లు తగ్గారు.

ఇంకో నమ్మకం కూడా దెబ్బతీసింది. ఒకటి రెండు దోమలతో కుట్టిస్తే తేలికపాటి జ్వరం వచ్చి, ఆపైన ఆ మనిషికి రక్షణ ఉంటుందని ఫిన్లే ఆశ. అంటే కుట్టించడమే టీకా అన్నమాట. 1901లో హవానాలో డాక్టర్ హువాన్ గిటెరాస్ దీన్ని పరీక్షించినప్పుడు ముగ్గురు చనిపోయారు. వాళ్లలో క్లారా మాస్ అనే నర్సు ఒకరు. ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

ఆ పన్నెండు రోజుల సంగతి ఎవరు తేల్చారు?

అమెరికా డాక్టరు హెన్రీ కార్టర్. 1898లో మిసిసిపీలోని చిన్న పల్లెల్లో ఆయన తేదీలు రాసుకుంటూ పోయారు. ఒక ఇంట్లో మొదటి రోగి కనబడ్డాక, ఆ ఇంటికి వచ్చినవాళ్లకు జబ్బు తగిలేసరికి రెండు మూడు వారాలు పడుతోంది. మధ్యలో ఏదో పక్వమవుతోందన్నమాట. పెద్ద ఊళ్లో ఈ విరామం కనబడదు, ఎప్పుడూ ఎవరో ఒకరికి జబ్బు ఉంటూనే ఉంటుంది. హవానాలో ఉన్న ఫిన్లేకి అందనిది పల్లెలో ఉన్న కార్టర్‌కి అందడంలో వింతేమీ లేదు.

రీడ్ బృందం ఏం చేసింది?

వాల్టర్ రీడ్, జేమ్స్ కారల్, జెస్సీ లజియర్, అరిస్టీడెస్ అగ్రమోంటే అనే నలుగురు అమెరికా సైన్యం తరఫున 1900 జూన్‌లో హవానాలో పని మొదలుపెట్టారు. ఆగస్టులో ఫిన్లే ఇంటికి వెళితే ఆయన తన కాగితాలతోపాటు దోమ గుడ్లు కూడా ఇచ్చారు. ఈ దోమ గుడ్లు ఆరిపోయినా చావవు, నీళ్లు తగిలితే పిల్లలవుతాయి. లజియర్ పెంచిన దోమలు వాటి సంతానమే.

ఆగస్టు 27న కారల్ ఒక దోమతో కుట్టించుకున్నారు. 12 రోజుల ముందు అది రెండో రోజు జ్వరంలో ఉన్న రోగిని కుట్టింది. రెండు లెక్కలూ మొదటిసారి కలిశాయి, కారల్‌కి తీవ్రమైన జబ్బు చేసి బతికి బయటపడ్డారు. సెప్టెంబరు 25న లజియర్ అదే జ్వరంతో చనిపోయారు.

నవంబరులో ఊరికి దూరంగా లజియర్ పేరిట ఒక శిబిరం కట్టారు. అక్కడ రెండు గదులు. ఒకదాంట్లో రోగుల వాంతులు, మలమూత్రాలు అంటిన పక్కబట్టలు పరిచి, వాటి మీద ముగ్గురిని ఇరవై రాత్రులు పడుకోబెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. రెండో గది శుభ్రంగా ఉంది, మధ్యలో సన్నటి వలతో తెర కట్టారు. దోమలు ఒక వైపున, మనుషులు రెండు వైపులా. దోమల వైపు ఉన్న మనిషికే జ్వరం వచ్చింది. వాలంటీర్లతో ఇంగ్లిష్, స్పానిష్ భాషల్లో రాతపూర్వక ఒప్పందం చేసుకుని 100 డాలర్లు, జబ్బు చేస్తే ఇంకో 100 ఇచ్చారు. ఫిన్లే ప్రయోగాల్లో లేనివి ఈ కట్టుదిట్టాలే.

మరి ఘనత ఎవరికి ఇవ్వాలి?

జబ్బును మోసేది ఏదో, ఏ జాతి దోమో చెప్పింది ఫిన్లే. అనుమానానికి తావు లేకుండా రుజువు చేసింది రీడ్ బృందం. ఒకరి దోమ గుడ్లు లేకపోతే ఇంకొకరి రుజువు ఆ నెలల్లో వచ్చేది కాదు. 1900 డిసెంబరు 22న హవానా డాక్టర్లు ఫిన్లేని విందుకు పిలిచి కంచు విగ్రహం ఒకటి బహూకరించారు. ఊళ్లో అప్పటికి ఎవరికీ సందేహం లేదు. అమెరికాలో తర్వాత రాసిన పుస్తకాలు ఆయన పేరును చిన్నది చేశాయన్న క్యూబావాళ్ల ఫిర్యాదులో న్యాయముంది.

ఇంకా ముందుకు వెళితే గ్వాడెలూప్‌లో పుట్టిన లూయీ దానియేల్ బోపెర్తుయీ అనే మరో కరీబియన్ డాక్టరు 1850ల్లోనే వెనిజులాలో దోమలే కారణమన్నారు. అయితే దోమలు చిత్తడి నేలల కుళ్లును తెచ్చి ఎక్కిస్తాయనుకున్నారు. ఒక రోగి నుంచి ఇంకొకరికన్న సూత్రం ఫిన్లేదే.

హవానాలో జ్వరాన్ని ఎలా ఆపారు?

1901 ఫిబ్రవరి నుంచి అమెరికా సైన్య వైద్యుడు విలియం గోర్గాస్ నడిపిన పని అది. రోగిని మొదటి రోజుల్లోనే వల కట్టిన గదిలో పెట్టేవారు, కుట్టడానికి దోమకు రోగి దొరకకూడదు. చుట్టుపక్కల గదుల సందులన్నీ కాగితంతో మూసి, వెయ్యి ఘనపు అడుగులకు ఒక పౌండు చొప్పున పైరెత్రం పూల పొడిని కాల్చేవారు. ఆ పొగకు దోమలు చావవు, మత్తెక్కి కింద పడతాయి. అందుకే వాటిని ఊడ్చి కాల్చాలి, లేకపోతే కాసేపటికి లేచి ఎగిరిపోతాయి. నీళ్ల తొట్లకు మూతలు పెట్టించారు, మూయలేని గుంటల్లో కిరోసిన్ పోశారు. 1900లో హవానాలో ఎల్లో ఫీవర్‌తో 310 మంది చనిపోతే 1901లో 18 మంది. రోగిని దోమల నుంచి కాపాడాలని, లార్వాను చంపాలని ఫిన్లే అంతకుముందే చెబుతూ వచ్చారు.

ఆరోగ్య శాఖాధిపతిగా ఏం చేశారు?

1902లో క్యూబా స్వతంత్రమైనప్పుడు ఆయనకు 68 ఏళ్లు. ఆ వయసులో బాధ్యత తీసుకుని 1909 దాకా పనిచేశారు. 1905లో ఎల్లో ఫీవర్ తిరిగొచ్చినప్పుడు అదే పద్ధతితో అణచారు.

అంతకంటే గొప్ప పని, పురిటిబిడ్డల ధనుర్వాతం మీద చేసినది. బొడ్డు కోశాక మంత్రసానులు కట్టే నూలు వత్తిని పరీక్ష చేయిస్తే అందులో ధనుర్వాతం క్రిములు దొరికాయి. జబ్బు పేరు చెప్పి ఉపన్యాసాలివ్వడంతో ఆగకుండా, బొడ్డుకు కట్టాల్సిన దారం, గుడ్డ శుద్ధి చేసి, సీలు వేసిన పొట్లాలుగా చేయించి ఉచితంగా పంచే ఏర్పాటు చేశారు. మంత్రసాని తన పని మానాల్సిన అవసరం లేదు, దారం మారిస్తే చాలు. ఆయన దిగిపోయిన 1909లోనే క్యూబా ఆరోగ్యానికి ప్రత్యేక మంత్రిత్వ శాఖ పెట్టింది. ప్రపంచంలో అదే మొదటిదని అంటారు.

నోబెల్ వచ్చిందా?

రాలేదు. ఏడుసార్లు ఆయన పేరు ప్రతిపాదనకు వచ్చింది. ప్రతిపాదించినవాళ్లలో రోనాల్డ్ రాస్ ఒకరు. ఎల్లో ఫీవర్ మీద నోబెల్ 1951లో, 17డి టీకా తయారుచేసిన మాక్స్ థైలర్‌కి వచ్చింది.

రోనాల్డ్ రాస్ అంటే మన సికింద్రాబాద్ రాసేనా?

ఆయనే. 1897 ఆగస్టులో బేగంపేటలో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. 16న రక్తం తాగిన దోమల్ని ఆగి ఆగి కోశారు. నాలుగో రోజు, అంటే 20న, కడుపు గోడలో మలేరియా క్రిమి కణాలు కనిపించాయి. మరుసటి రోజు కోసిన దోమలో అవి ఇంకా పెద్దవయ్యాయి. రోగకారకం దోమలో పెరుగుతుందని, దానికి రోజులు పడతాయని కళ్లకు కట్టింది అక్కడే. ఫిన్లే లెక్కలో తప్పిపోయిన ముక్క అదే. రెండూ వేరువేరు దోమలు, మలేరియాకు అనాఫిలిస్, ఎల్లో ఫీవర్‌కు ఏడిస్. చాలామంది ఇక్కడ కలగాపులగం చేస్తారు.

మన దగ్గర ఎల్లో ఫీవర్ ఉందా? ఆఫ్రికా వెళ్లేవాళ్లు టీకా ఎందుకు వేయించుకోవాలి?

లేదు. కానీ దోమ ఉంది, డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది అదే. వైరస్ ఒక్కటి వస్తే మిగతావన్నీ సిద్ధంగా ఉన్నట్టే. అందుకే జబ్బు ఉన్న దేశం నుంచి టీకా పత్రం లేకుండా వచ్చినవాళ్లను, ఆ దేశం వదిలినప్పటి నుంచి 6 రోజులు నిండేదాకా విడిగా ఉంచే నియమం ఉంది. జబ్బు బయటపడే గడువు అంతే కాబట్టి ఆ ఆరు రోజులు.

టీకా ఒక్కటే డోసు, 0.5 మి.లీ. పత్రం టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది, ఆపైన జీవితాంతం పనికొస్తుంది. చాలామంది టికెట్టు కొన్నాక, ప్రయాణానికి నాలుగు రోజుల ముందు పరుగెత్తి ఇక్కడే దెబ్బతింటారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, 60 దాటినవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి.

ఆయన గుర్తుగా ఇప్పుడు ఏమున్నాయి?

ఆయన పుట్టినరోజు డిసెంబరు 3ను క్యూబా, మరికొన్ని లాటిన్ అమెరికా దేశాలు వైద్య దినంగా జరుపుకుంటాయి. సూక్ష్మజీవ శాస్త్రంలో యునెస్కో ఇచ్చే ఒక బహుమతికి ఆయన పేరుంది. హవానాలోని ఫిన్లే ఇన్‌స్టిట్యూట్ టీకాలు తయారుచేస్తుంది. కోవిడ్ కాలంలో సోబెరానా టీకాలు అక్కడివే.